కుక్కలలో వెన్నెముక డిస్క్ జబ్బు: మొదటి గంట నుంచి ఆరో వారం దాకా చేయవలసిన పనులు

రోజూ ఒక్క గెంతులో సోఫా ఎక్కే కుక్క ఒకనాడు సోఫా ముందు నిలబడి, పైకి చూసి, ఎక్కకుండానే వెనుదిరిగి వెళ్లి మూలన పడుకుంటుంది. ఎత్తుకుందామని పొట్ట కింద చెయ్యి వేస్తే కీచుమంటుంది. ఇంట్లోవాళ్లు కాలు బెణికిందనో, కడుపునొప్పి అనో, వయసు మీద పడిందనో అనుకొని ఒకటి రెండు రోజులు చూద్దామనుకుంటారు. కొన్ని కుక్కలకు ఆ ఒకటి రెండు రోజులలోనే వెనుక కాళ్లు పూర్తిగా పడిపోతాయి.

వెన్నెముక డిస్క్ జబ్బులో ఇంట్లోవాళ్ల నిర్ణయాలు ఫలితాన్ని మార్చే ఘట్టాలు రెండు. మొదటిది, లక్షణాలు కనిపించిన తొలి గంటలు. రెండోది, నొప్పి తగ్గి కుక్క హుషారుగా కనిపిస్తున్నప్పటికీ దానిని కట్టడిలోనే ఉంచవలసిన వారాలు. మొదటిదాని గురించి అందరూ కంగారు పడతారు కానీ, నా అనుభవంలో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది రెండోదాని దగ్గరే.

లోపల జరిగేది ఏమిటి

కుక్క మెడలో 7, ఛాతీ భాగంలో 13, నడుములో 7 వెన్నుపూసలు ఉంటాయి. తుంటి దగ్గర మరో 3 పూసలు కలిసిపోయి ఒకే ఎముకగా ఉంటాయి. మెడలోని మొదటి రెండు పూసల మధ్య తప్పించి, విడివిడిగా కదిలే ప్రతి రెండు పూసల నడుమా ఒక డిస్క్ ఉంటుంది. దాని అంచు గట్టి నారపొరల వలయం, నడిమి భాగం జిగురైన గుజ్జు. డిస్క్‌లకు సరిగ్గా పైన, పూసల రంధ్రాలన్నీ కలిసి ఏర్పడిన సొరంగంలో వెన్నుపాము సాగుతుంది. నారవలయం పొట్టవైపు మందంగా, వెన్నుపాము వైపు పలచగా ఉంటుంది కనుక, డిస్క్ చిట్లినప్పుడు లోపలి గుజ్జు చాలాసార్లు పైకే, అంటే వెన్నుపాము మీదికే వస్తుంది.

ఈ జబ్బు రెండు రకాలుగా వస్తుందని స్వీడన్‌కు చెందిన పశువైద్యుడు హాన్సెన్ 1952లో వర్గీకరించాడు. ఆ విభజననే వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. మొదటి రకంలో డిస్క్ గుజ్జు చిన్న వయసులోనే నీరింకి, సున్నపు పొడిలా గట్టిపడి, ఒకరోజు హఠాత్తుగా వలయాన్ని చీల్చుకొని బయటకు చిమ్ముతుంది. డాషండ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బీగిల్, పెకినీస్, షిట్జు, కాకర్ స్పానియల్, కోర్గీ, బాసెట్ హౌండ్ వంటి జాతులలో కనిపించేది ప్రధానంగా ఇదే, అదీ ఎక్కువగా మూడు నుంచి ఏడేళ్ల వయసులో. రెండో రకంలో వలయం చిట్లదు. ఏళ్ల తరబడి మందమెక్కుతూ, ఉబ్బుతూ వెన్నుపామును మెల్లగా ఒత్తుతుంది. ఇది వయసు మళ్లిన పెద్ద జాతి కుక్కలలో ఎక్కువ.

మొదటి రకానికి మూలం పుట్టుకలోనే ఉంది. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు నకలు ఒకటి 12వ క్రోమోజోమ్‌లో చేరడం వల్ల డిస్క్‌లు ముందుగానే ముసలివవుతున్నాయని 2017లో తేలింది. కాళ్లు పొట్టిగా పెరగడానికీ ఇటువంటి అదనపు నకళ్లే కారణం. కాబట్టి సోఫా మీద నుంచి గెంతనిచ్చినందుకే ఇలా అయిందని బాధపడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. పండి ఉన్న కాయ గాలికి రాలినట్టు, ఏళ్లుగా ఎండిన డిస్క్ ఆ గెంతుకు చిట్లింది. ఆ గెంతు లేకపోతే నిద్రలో ఒళ్లు విరుచుకున్నప్పుడైనా చిట్లి ఉండవచ్చు.

చిట్లే చోటు కూడా యాదృచ్ఛికం కాదు. ఛాతీ భాగంలో చాలా మేరకు కుడి పక్కటెముక తలను ఎడమదానితో కలిపే ఒక బంధనం డిస్క్ మీదుగా అడ్డంగా పోతూ దానికి కాపు కాస్తుంది. చివరి పక్కటెముకల దగ్గర ఆ కాపు ఉండదు. అందుకే 11వ ఛాతీ పూస నుంచి 3వ నడుము పూస దాకా ఉన్న భాగంలోనే ఎక్కువ డిస్క్‌లు చిట్లుతాయి. ఆ తరువాతి స్థానం మెడది.

మొదటి పని: నొప్పి ఎక్కడిదో గుర్తించడం

నడుము నొప్పి ఉన్న కుక్క వెన్నును విల్లులా పైకి వంచి, పొట్ట బిగబట్టి నిలబడుతుంది. పొట్ట తాకితే గట్టిగా తగులుతుంది కనుక చాలామంది దీన్ని కడుపునొప్పిగా పొరబడతారు. మెట్లు దిగడానికి తటపటాయిస్తుంది, ఒళ్లు దులుపుకోవడం మానేస్తుంది, కూర్చునే ముందు రెండు మూడుసార్లు ఆగుతుంది, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా వగరుస్తుంది, వణుకుతుంది.

మెడ నొప్పి తీరు వేరు. తల దించుకొని, మెడ కదల్చకుండా, పిలిస్తే కళ్లు మాత్రమే తిప్పి చూస్తుంది. పక్కకు చూడాలంటే మనిషంతా తిరిగినట్టు ఒళ్లంతా తిప్పుతుంది. ఒక ముందు కాలిని నేలకు ఆనించకుండా ఎత్తి పట్టుకోవచ్చు. ఏ కారణమూ కనబడకుండా ఉన్నట్టుండి అరుస్తుంది. తిండి గిన్నె దగ్గరకు ఆత్రంగా వచ్చి, వంగలేక తినకుండానే నిలబడిపోతుంది. అదే గిన్నెను ఛాతీ ఎత్తుకు లేపి పట్టుకుంటే గబగబా తింటుంది. ఆకలి లేకపోవడానికీ, మెడ వంచలేకపోవడానికీ తేడా ఈ చిన్న పరీక్షతో బయటపడుతుంది.

రెండో పని: ఏ దశలో ఉందో చూడడం

వైద్యులు నడుము డిస్క్ జబ్బును సాధారణంగా ఐదు దశలుగా లెక్కిస్తారు. మొదటి దశలో నొప్పి తప్ప మరేమీ ఉండదు. రెండో దశలో నడుస్తుంది కానీ వెనుక భాగం తూలుతుంది, కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడతాయి, గోళ్లు నేలకు రాసుకుంటాయి. మూడో దశలో కాళ్లు కదిలించగలదు కానీ లేచి నడవలేదు. నాలుగో దశలో వెనుక కాళ్లలో కదలిక ఉండదు, అయినా వేలి ఎముకను గట్టిగా నొక్కితే నొప్పి తెలుస్తుంది. ఐదో దశలో ఆ నొప్పి కూడా తెలియదు.

మొదటి రెండు దశల మధ్య తేడాను ఇంట్లో ఒక పద్ధతిలో చూడవచ్చు. కుక్కను జారని నేల మీద నిలబెట్టి, దాని బరువు కొంత మోసేలా పొట్ట కింద ఒక చెయ్యి ఆసరాగా ఉంచండి. రెండో చేత్తో వెనుక పాదాన్ని మెల్లగా మడిచి, పాదం పైభాగం నేలకు తగిలేలా పెట్టి వదలండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క కనురెప్పపాటులో పాదాన్ని తిప్పి సరిగ్గా పెట్టుకుంటుంది. ఆలస్యంగా తిప్పినా, మడిచిన పాదం మీదే నిలబడిపోయినా, పాదం ఎక్కడుందో మెదడుకు చేరవేసే దారిలో అంతరాయం ఉందని అనుమానించాలి. రెండు కాళ్లూ ఒక్కోసారి చూసి, సమయం రాసిపెట్టుకోండి. రెండు గంటల తరువాత మారిందా లేదా అన్నది వైద్యుడికి ఎంతో ఉపయోగపడే సమాచారం.

ఇంతకు మించి ఇంట్లో పరీక్షలు వద్దు. వెన్ను పొడవునా నొక్కి నొప్పి వెతకడం, మెడ వంచి చూడడం, ఎలా నడుస్తుందో చూద్దామని పదేపదే నడిపించడం, వేళ్లు గిల్లడం ఇవేవీ చేయకూడదు.

నొప్పి మాత్రమే ఉండి నడక నిబ్బరంగా ఉంటే కుక్కను వెంటనే కట్టడి చేసి, మరుసటి రోజుకల్లా వైద్యుడికి చూపించవచ్చు. తూలుతుంటే ఆ రోజే చూపించాలి. లేచి నడవలేకపోయినా, ఉదయం తూలినది సాయంత్రానికి పడిపోయినా అది అత్యవసరం. రాత్రి ఎంత పొద్దుపోయినా తెల్లవారేదాకా ఆగకూడదు.

మూడో పని: తొలి గంటలో చేయవలసినవి, చేయకూడనివి

ముందుగా కదలికను ఆపాలి. క్రేట్ (కుక్కను ఉంచే కమ్మీల పెట్టె) ఉంటే అందులో, లేకపోతే కుర్చీలు పేర్చి చేసిన చిన్న చోటులోనైనా ఉంచండి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ముందు కాళ్ల వెనుక ఛాతీ కింద, మరో చెయ్యి వెనుక తొడల కింద ఉంచి, వెన్ను నేలకు సమాంతరంగా ఉండేలా మీ ఒంటికి ఆనించుకొని లేపండి. చంకల కింద పట్టుకొని, వెనుక భాగం వేలాడేలా ఎత్తడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. పెద్ద కుక్క అయితే పలక మీదికో గట్టి దుప్పటి మీదికో మెల్లగా జరిపి ఇద్దరు మోయాలి. నొప్పితో ఉన్న కుక్క, ఎంత నెమ్మదైనదైనా, కరవవచ్చని గుర్తుంచుకోండి.

నూనె మర్దన, వెన్ను లాగడం, కాళ్లు చాచి సవరించడం వంటివి చేయవద్దు. అంతకంటే ముఖ్యంగా, మనుషుల నొప్పి మాత్రలు ఏవీ ఇవ్వవద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు పడేలా చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పైగా మీరిచ్చిన ఒక్క మాత్ర వైద్యుడి చేతులు కట్టేస్తుంది. స్టెరాయిడ్‌నూ, స్టెరాయిడ్ కాని వాపు మందునూ ఒకేసారి గానీ, మధ్యలో తగినంత విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి గానీ ఇస్తే జీర్ణాశయం చిల్లుపడే ప్రమాదం ఉంది. కుక్క ఒంట్లో ఇప్పటికే ఒకటి ఉంటే వైద్యుడు రెండోది ఇవ్వలేడు. ఇంట్లో పాత చీటీ మీద తెచ్చిన మందులు మిగిలి ఉన్నా అడగకుండా వాడవద్దు.

స్కాన్‌కు గానీ శస్త్రచికిత్సకు గానీ మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక, బయలుదేరే ముందు ఫోన్ చేసి తిండి పెట్టవచ్చో లేదో అడగండి. నడకను ఇరవై సెకన్ల వీడియో తీసి ఉంచండి. ఆసుపత్రి బల్ల మీద భయంతో బిగుసుకుపోయిన కుక్క నొప్పిని దాచిపెడుతుంది, వీడియో దాచదు.

నాలుగో పని: వైద్యుడి దగ్గర

మొదట ఎప్పుడు గమనించారు, అప్పటి నుంచి నడక ఎలా మారింది, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఏయే మందులు ఎన్ని గంటలకు ఇచ్చారు అనే నాలుగు విషయాలు కాగితం మీద రాసుకొని వెళ్లండి.

పరీక్షలో అత్యంత కీలకమైనది, చూస్తున్నవారు ఎక్కువగా అపార్థం చేసుకునేదీ లోతైన నొప్పి పరీక్ష. వైద్యుడు ఫోర్‌సెప్స్ అనే పటకారు వంటి పరికరంతో వెనుక కాలి వేలి ఎముకను నొక్కినప్పుడు కుక్క కాలు వెనక్కి లాక్కుంటే, నొప్పి తెలుస్తున్నదని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ కాలు లాక్కోవడం వెన్నుపాము కింది భాగం తనంతట తాను చేసే ప్రతిచర్య. మెదడుతో దానికి సంబంధం లేకపోయినా జరుగుతుంది. కుక్క తల తిప్పి చూస్తేనో, మూలిగితేనో, కరవబోతేనో మాత్రమే నొప్పి మెదడుకు చేరినట్టు. కాబట్టి మీరు కూడా కాలిని కాదు, ముఖాన్ని చూడండి.

వెనుక కాళ్లు పడిపోయిన ప్రతిసారీ డిస్కే కారణం కాదు. డిస్క్ నుంచి వచ్చిన నార ముక్క వెన్నుపాము రక్తనాళంలో అడ్డుపడితే పరుగెత్తుతున్న కుక్క ఒక్క అరుపు అరిచి కూలిపోతుంది. తరువాత నొప్పి అంతగా ఉండదు, చాలాసార్లు ఒక పక్కనే ఎక్కువ బలహీనత ఉంటుంది, ఒక రోజు దాటాక పరిస్థితి మరింత దిగజారదు. ముసలి జర్మన్ షెపర్డ్‌లలో నొప్పి లేకుండా నెలల తరబడి వెనుక కాళ్లు బలహీనపడుతూ వస్తే అది వెన్నుపాము క్షీణత కావచ్చు. డిస్క్‌కు సూక్ష్మక్రిములు సోకడం, కంతి, పూస విరగడం కూడా జాబితాలో ఉంటాయి.

మామూలు ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, వెన్నుపామును చూపించదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారనే మాట డిస్క్ బాగుందనడానికి సాక్ష్యం కాదు. పూస విరగడం, క్రిముల సోకు వంటివి కావని తేల్చుకోవడానికే దాని ఉపయోగం. చిట్లిన డిస్క్‌ను, ఒత్తిడికి గురైన వెన్నుపామును స్పష్టంగా చూపించేది ఎమ్మారై. గట్టిపడిన గుజ్జును గుర్తించడానికి సీటీ స్కాన్ కూడా పనికివస్తుంది, త్వరగా అవుతుంది. రెండూ సాధారణంగా మత్తులోనే చేస్తారు. శస్త్రచికిత్స చేయించే ఉద్దేశం లేనప్పుడు, కుక్క నడుస్తూనే ఉన్నప్పుడు, స్కాన్ లేకుండా లక్షణాలను బట్టి చికిత్స మొదలుపెట్టడం తప్పేమీ కాదు.

ఐదో పని: శస్త్రచికిత్సా, కట్టడా

నడవగలిగిన కుక్కలకు సాధారణంగా ముందు కట్టడి, నొప్పి మందులతో ప్రయత్నిస్తారు. వాటిలో పదింట ఎనిమిది వరకు అలాగే కోలుకుంటాయి. నొప్పి మందులకు లొంగకపోయినా, మళ్లీ మళ్లీ తిరగబెట్టినా, దశ దిగజారుతున్నా శస్త్రచికిత్స గురించి మాట్లాడాలి. లేచి నడవలేని కుక్కకు అది మేలైన మార్గం. నడుము దగ్గరైతే పూస పక్క గోడలో కిటికీ తెరిచి, మెడ దగ్గరైతే గొంతు వైపు నుంచి పూసలో సన్నని కాలువ తొలిచి, బయటపడ్డ గుజ్జును తీసివేస్తారు.

ఫలితం ప్రధానంగా లోతైన నొప్పి మీద ఆధారపడి ఉంటుంది. అది తెలుస్తున్న కుక్కలలో శస్త్రచికిత్స తరువాత దాదాపు పదింట తొమ్మిది మళ్లీ నడుస్తాయి. అది పోయినవాటిలో సగం, లేదా అంతకు కొంచెం ఎక్కువ నడుస్తాయి. ఖర్చు భరించలేక శస్త్రచికిత్స చేయించలేనివారు తమను తాము నిందించుకోనక్కరలేదు. కదలిక పోయినా నొప్పి తెలుస్తున్న కుక్కలలో సగానికి పైగా కట్టడితోనే నడిచిన సందర్భాలు నమోదయ్యాయి. కోలుకోవడం నెమ్మదిగా, అసంపూర్ణంగా ఉండవచ్చు. లోతైన నొప్పి పోయిన కుక్కకు మాత్రం శస్త్రచికిత్స లేకుండా నడిచే అవకాశం చాలా తక్కువ.

ఐదో దశ గురించి ఒక కఠినమైన విషయం ముందే తెలిసి ఉండాలి. అటువంటి కుక్కలలో సుమారు పదింట ఒకదానికి, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో అంతకంటే ఎక్కువగా, వెన్నుపాము దెబ్బతిన్న చోటి నుంచి పైకీ కిందికీ మెత్తబడి నశిస్తూ పోతుంది. శస్త్రచికిత్స చేసినా ఇది ఆగదు. చాలావరకు తొలి కొద్ది రోజులలోనే బయటపడుతుంది. బిగువుగా ఉన్న వెనుక కాళ్లు గుడ్డపేలికల్లా వేలాడడం, పొట్ట కండరాలు వదులై ఉబ్బడం, స్పర్శ తెలియని గీత రోజురోజుకూ మెడ వైపు పాకడం, ఊపిరి భారమవడం దాని గుర్తులు. ఇది తేలితే నొప్పి లేకుండా ప్రశాంతంగా సాగనంపడం తప్ప మార్గం లేదు.

స్టెరాయిడ్‌ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెనుకటి కాలంలో పెద్ద మోతాదులో ఇచ్చేవారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ తరఫున 2022లో వెలువడిన నిపుణుల ఏకాభిప్రాయ ప్రకటన, నడుము డిస్క్ హఠాత్తుగా చిట్లిన కుక్కలకు వాటిని సిఫారసు చేయలేదు. శస్త్రచికిత్స లేకుండా చూసుకునే కుక్కకు కనీసం 4 వారాల కట్టడి ఉండాలన్నది కూడా ఆ ప్రకటనలోని మాటే. సాధారణంగా స్టెరాయిడ్ కాని వాపు మందు, నరాల నొప్పికి గాబాపెంటిన్, కండరాల బిగువుకు మెథోకార్బమాల్ వంటివి రాస్తారు. గాబాపెంటిన్ ద్రవరూపంలో కొనేటప్పుడు అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని నిర్ధారించుకోండి, అది కుక్కలకు విషం.

ఆరో పని: కట్టడి వారాలు

మా డాషండ్‌కు నడుము పట్టినప్పుడు తొమ్మిదో రోజున అది క్రేట్‌లో నిలబడి, తోక ఆడిస్తూ, తలుపు కమ్మీలు గోకుతూ, పూర్తిగా మునుపటిలా ఉంది. జాలి వేసి పది నిమిషాలు వదిలాము. అంతలో గంట మోగింది, అది తలుపు దగ్గరకు ఒక్క పరుగు తీసి మలుపులో జారింది. సాయంత్రానికి రెండు వెనుక పాదాలూ మడిచి ఈడ్చింది. కట్టడి మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలయింది. మందులు నొప్పిని వారంలో తగ్గించగలవు, చిట్లిన నారవలయం మీద మచ్చకణజాలం పట్టుకోవడానికి మాత్రం వారాలు కావాలి. నొప్పి తెలియని కుక్క ఆ సంగతి ఎరగదు.

క్రేట్ కుక్క నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాచి పడుకునేంత ఉండాలి, అంతకు మించి అక్కరలేదు. గడప ఎత్తు తక్కువగా ఉండాలి. కింద జారని చాప, దాని మీద పలచని పరుపు వేయండి. మెత్తని దిళ్లు పేరిస్తే తూలే కుక్క మరింత తూలుతుంది. తిండి, నీళ్ల గిన్నెలను, ముఖ్యంగా మెడ నొప్పి ఉంటే, ఛాతీ ఎత్తున పెట్టండి. ఇంట్లోవాళ్లు తిరిగే గదిలోనే క్రేట్ ఉంచండి కానీ, వీధి కనబడే కిటికీ పక్కన వద్దు.

మూత్రానికి, మలానికి రోజుకు మూడు నాలుగుసార్లు మాత్రమే, ఒక్కోసారి ఐదు నిమిషాలకు మించకుండా, మెడపట్టీతో కాక ఛాతీకి వేసే హార్నెస్‌తో, పొట్టి తాడు పట్టుకొని తీసుకెళ్లాలి. తూలే కుక్కకు పొడవాటి తువ్వాలును పొట్ట కింద వెనుక కాళ్లకు ముందుగా చుట్టి, రెండు కొసలూ పైన పట్టుకొని ఆసరా ఇవ్వండి. తువ్వాలు బరువు పంచుకోవడానికే, కుక్కను వేలాడదీయడానికి కాదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, మంచం మీద పక్కన పడుకోబెట్టుకోవడం కూడా కట్టడిని తప్పించినట్టే, ఎందుకంటే అక్కడి నుంచి అది ఎప్పుడు దూకుతుందో చెప్పలేము.

మొదటి వారం మొరుగుడు, ఏడుపు తప్పవు. తిండిని గిన్నెలో పెట్టకుండా, నాకి నాకి తీసుకోవలసిన బొమ్మల్లో పెడితే ఒక పూట గడుస్తుంది. అప్పటికీ అది క్రేట్‌ను తలతో మోదుతుంటే, వైద్యుడిని అడిగి ట్రాజడోన్ వంటి కుదురు మందు తీసుకోండి. అది బలహీనతకు లొంగిపోవడం కాదు, చికిత్సలో భాగమే. క్రేట్ మీద ఒక కాగితం అంటించి, రోజులు కొట్టివేస్తూ పొండి. నాలుగు నుంచి ఆరు వారాలలో వైద్యుడు చెప్పిన గడువు ఏదైతే అదే. పడిపోయే స్థితికి వస్తే తప్ప ఎవరి జాలీ ఆ కాగితాన్ని మార్చకూడదు.

ఏడో పని: మూత్రం

నడవలేని కుక్క ఇంటికి వచ్చాక అందరి దృష్టీ కాళ్ల మీదే ఉంటుంది, అసలు ప్రమాదం మూత్రాశయం దగ్గర పొంచి ఉంటుంది. వెన్నుపాము దెబ్బతిన్న కుక్కకు నిండిందని తెలియదు, తెలిసినా వదలలేదు. పరుపు తడిసింది కాబట్టి పోస్తున్నదని నమ్మకండి. నిండి పొర్లే బిందెలా, నిండిన మూత్రాశయం కూడా కారుతుంది. అలా సాగిపోయిన కండరం తరువాత ముడుచుకునే శక్తి కోల్పోతుంది, నిలవ ఉన్న మూత్రంలో క్రిములు పెరుగుతాయి.

అందుకే 6 నుంచి 8 గంటలకు ఒకసారి చేత్తో ఖాళీ చేయించాలి. ఇది చదివి నేర్చుకునే పని కాదు. ఆసుపత్రి నుంచి బయలుదేరక ముందే, వైద్యుడి చెయ్యి మీ చేతి మీద ఉండగా కనీసం రెండుసార్లు చేసి చూడండి. కుక్కను నిలబెట్టో పక్కకు పడుకోబెట్టో, పొట్టకు రెండు వైపులా, వెనుక తొడలకు కాస్త ముందుగా అరచేతులు ఆనించండి. వేళ్లు మెల్లగా లోపలికి జరిపితే నీళ్లు నింపిన బెలూన్ వంటిది తగులుతుంది. వేలి కొనలతో పొడవకుండా, చదునుగా ఉన్న వేళ్లతో, తోక వైపుకు నిదానంగా ఒత్తిడి పెంచండి. ధార మొదలయ్యేదాకా కొన్ని సెకన్లు పడుతుంది, మొదలయ్యాక ఒత్తిడిని తగ్గించకుండా, పెంచకుండా నిలపండి. బెలూన్ చేతికి అందనంత చిన్నదయ్యేదాకా ఇలా చేయండి. పొట్ట బిగించుకుంటే ఆగి, అది ఊపిరి వదిలాక మళ్లీ ప్రయత్నించండి. బలవంతం చేస్తే మూత్రాశయం చిట్లవచ్చు. ఎంతకీ రాకపోతే మూత్రద్వారం వదులయ్యే మందు వైద్యుడు రాస్తాడు. దుర్వాసన, మడ్డి, రక్తపు చార కనిపిస్తే అదే రోజు పరీక్ష చేయించండి. మలం విషయంలో ఇంత శ్రమ ఉండదు, అది చాలావరకు తనంతట తానే పడుతుంది.

ఎనిమిదో పని: చర్మం, కండరాలు

కదలలేని కుక్కను నాలుగు గంటలకోసారి పక్క మార్చి, తుంటి, మోచేతి ఎముకల దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. తడిసిన వెంట్రుకలను కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. వెనుక భాగంలో వెంట్రుకలు కత్తిరిస్తే పని సులువవుతుంది.

వైద్యుడు సరేనన్నాక కాళ్ల వ్యాయామం మొదలుపెట్టవచ్చు. కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఒక్కో కీలును దానికి హాయిగా అనిపించినంత మేర మాత్రమే ముడిచి చాపుతూ పదిసార్లు, రోజుకు రెండు మూడు విడతలు చేయండి. తరువాత నాలుగు పాదాలనూ సరిగ్గా పెట్టి, తువ్వాలు ఆసరాతో కొన్ని సెకన్లు నిలబెట్టడం. గాయం మానాక నీటిలో నడిపించే ట్రెడ్‌మిల్ వంటివి నిపుణుల పర్యవేక్షణలో ఉపయోగపడతాయి.

కట్టడి ముగిశాక

తలుపు తెరిచి వదిలేయడం ముగింపు కాదు. మొదటి వారం తాడు మీద ఐదు నిమిషాల నడక, తరువాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ పోవాలి. తూలడం మళ్లీ కనబడితే వెనక్కి తగ్గి, వైద్యుడికి చెప్పాలి. నున్నని నేల మీద జారని చాపలు పరచడం, మెట్లకు అడ్డుతలుపు, సోఫా దగ్గరా కారు దగ్గరా ఏటవాలు పలక, మెడపట్టీ బదులు హార్నెస్ అనేవి శాశ్వత ఏర్పాట్లు. వీటన్నిటికంటే బరువు ముఖ్యం. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నబడి కనిపించాలి. అయితే భయంతో కుక్కను జీవితాంతం కూర్చోబెట్టకండి, కండబలమే ఇకముందు దాని వెన్నుకు ఆసరా.

ఆరు నెలలు గడిచినా నడక రాని కుక్కకు చక్రాల బండి కట్టవచ్చు. దాని కొలతలు నిలబెట్టి తీసుకోవాలి, మొదట్లో పది నిమిషాలకు మించి ఉంచకూడదు, బండిలో ఉన్నప్పుడు ఎప్పుడూ ఒంటరిగా వదలకూడదు. వెనుక కాళ్లు లేవన్న దిగులు మనకే గానీ, బండి కట్టిన కుక్క మలుపు తిరిగే వేగం చూస్తే ఆ దిగులు దానికి ఉన్నట్టు కనబడదు.

కొత్తగా డాషండ్ పిల్లను తెచ్చుకోవాలనుకునేవారు తల్లిదండ్రుల వెన్ను సంగతి అడగాలి. డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ దేశాలలో 24 నుంచి 48 నెలల వయసులో ఎక్స్‌రే తీసి, సున్నం పేరుకున్న డిస్క్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఎక్కువ ఉన్నవాటిని సంతానానికి వాడకుండా చూస్తారు. 12వ క్రోమోజోమ్ మీది నకలు ఉందో లేదో చెప్పే జన్యు పరీక్ష కూడా దొరుకుతుంది.

తిరగబెట్టడం ఈ జబ్బు నైజం. మందులతో కోలుకున్న కుక్కలలో మూడింట ఒక వంతు దాకా మళ్లీ నొప్పి పడినట్టు పరిశీలనలు ఉన్నాయి. ఒక డిస్క్‌కు శస్త్రచికిత్స చేయించినా పక్కన ఉన్నవి అదే వయసువి, అదే తీరువి. కాబట్టి ఆరో వారం అయిపోయిందని క్రేట్‌ను విప్పి అటక ఎక్కించకండి. తలుపు తెరిచి, లోపల పరుపు వేసి, గది మూలలో అలాగే ఉంచండి, అప్పుడప్పుడు తిండి అందులోనే పెట్టండి. మళ్లీ ఒకనాడు అది సోఫా ముందు నిలబడి వెనుదిరిగితే, ఆ క్షణంలోనే పడుకోబెట్టడానికి అలవాటైన చోటు సిద్ధంగా ఉండాలి.